టీడీఎస్ అంకె చెప్పని సంగతి: బోరు నీళ్లు గీజరుని, కూలరుని, వాషింగ్ మెషీన్‌ని ఎలా దెబ్బతీస్తాయి

ఆర్వో అమ్మడానికి వచ్చిన కుర్రాడు గ్లాసు నీళ్లలో మీటరు ముంచి, "1,400 ఉందండీ, ఈ నీళ్లకి గీజరు ఏడాది కూడా ఆగదు" అంటాడు. ఒంగోలు, కావలి, కనిగిరి, పొదిలి, ఎక్కడైనా ఈ మాట వినని ఇల్లు అరుదు. మీటరు చూపిన అంకె నిజమే కావచ్చు. గీజరు ఆగుతుందో లేదో మాత్రం అది చెప్పలేదు. నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తాన్ని టీడీఎస్ అంటారు, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. మీటరు కొలిచేది ఆ లవణాల వల్ల నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. అందులో వంటుప్పు పాలెంత, సున్నం పాలెంత అన్నది దానికి పట్టదు.

కొత్తపట్నం వైపు ఇసుక నేలలో వేసిన బోరులో 1,400 వచ్చిందనుకోండి. సముద్రం దగ్గర కనుక అందులో పెద్ద భాగం సోడియం క్లోరైడే, అంటే వంటుప్పే అయి ఉండొచ్చు. అది పొర కట్టదు, తుప్పు పట్టిస్తుంది. పడమటి మెట్టలో రాతినేల బోరులోనూ అదే 1,400 వచ్చిందంటే అందులో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు ఎక్కువ ఉండొచ్చు. అవి తుప్పు కన్నా ముందు తెల్లటి సున్నప్పొర కడతాయి. ఒకే అంకె వచ్చిన రెండు ఇళ్లలో జబ్బులు వేరు, మందులూ వేరే. రెండింటినీ కలిపి "ఉప్పు నీళ్లు" అనేసి ఒకే ఫిల్టరు తగిలిస్తే ఒక ఇంట్లో డబ్బు వృథా.

మూడోది ఫ్లోరైడ్. దాని గురించి ఇక్కడే చెప్పి వదిలేయాలి, ఎందుకంటే యంత్రాలకి దానితో పని లేదు, మనుషులకే ఉంది. కనిగిరి ప్రాంతం పేరు ఫ్లోరైడ్ విషయంలో దేశమంతా తెలిసిందే. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని ఘనరూపంలోకి దించేస్తుంది. అందుకని ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న బోర్లలో కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. అలాంటి నీళ్లకి సబ్బు చక్కగా నురుగొస్తుంది, గిన్నెకి పొర పట్టదు, నాలుకకీ తేడా తెలియదు. నురుగొచ్చింది కదా, మంచి నీళ్లేనని తాగితే ప్రమాదం. ఫ్లోరైడ్‌ని పరీక్షతోనే కనుక్కోవాలి. కాచితే అది పోదు, నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

రిపోర్టులో మూడు అంకెలు

గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలోగానీ ప్రైవేటు ల్యాబులోగానీ పరీక్ష చేయిస్తే చాలా వరసలతో ఒక కాగితం చేతికొస్తుంది. యంత్రాల కోసం చూడాల్సినవి మూడే: మొత్తం కాఠిన్యత (కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది), మొత్తం క్షారత (ముఖ్యంగా బైకార్బొనేట్ ఎంతన్నది), క్లోరైడ్ (తుప్పు పట్టించేది). మొదటి రెండింటినీ ల్యాబు వాళ్లు కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు మిల్లీగ్రాములుగా రాస్తారు కాబట్టి పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

క్షారత కాఠిన్యతతో సమానంగానో ఎక్కువగానో ఉంటే మీ నీటిది మొత్తం తాత్కాలిక కాఠిన్యతే, అంటే వేడికి విడిపోయే రకం. క్షారత తక్కువ ఉంటే, క్షారత ఎంతో తాత్కాలిక కాఠిన్యత అంత. మిగిలింది శాశ్వత కాఠిన్యత, క్లోరైడ్, సల్ఫేట్ రూపంలో ఉండేది, కాచినా కదలనిది. ఉదాహరణకి కాఠిన్యత 520, క్షారత 340 అని వచ్చిందనుకుందాం. 340 తాత్కాలికం, 180 శాశ్వతం. గీజరుని చంపేది ఆ 340. సబ్బుని తినేది మొత్తం 520. ఈ వ్యాసమంతా ఇవే అంకెలతో లెక్కలు వేద్దాం. మీ రిపోర్టు అంకెలు పెట్టుకుంటే మీ ఇంటి లెక్క వస్తుంది.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యత 200 వరకు ఆమోదయోగ్యం, వేరే ఆధారం లేకపోతే 600 దాకా అనుమతి. ఇది తాగేవాళ్ల కోసం పెట్టిన హద్దు. గీజరు 200 దగ్గరే పొర కట్టడం మొదలుపెడుతుంది. "నీళ్లు లిమిట్‌లోనే ఉన్నాయి, మరి రాడ్డు ఎందుకు కాలింది" అన్న ప్రశ్నకి జవాబు అదే.

శాంపిల్ పట్టేముందు మోటారు పది నిమిషాలు ఆడనివ్వాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు కాదు, బోరు నుంచి నేరుగా పట్టాలి. సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిపి, గాలి మిగలకుండా అంచు దాకా నింపి, అదే రోజు ఇవ్వాలి. గాలి తగిలి రెండు మూడు రోజులు నిలవుంటే సున్నం సీసా అడుగుకి చేరి రిపోర్టులో కాఠిన్యత తక్కువగా వస్తుంది. వేసవి చివర ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి చూపిస్తే మంచిది. ఒకే బోరులో ఆ రెండు అంకెలకీ తేడా ఉంటుంది.

ల్యాబుకి వెళ్లే ఓపిక లేకపోతే ఇంట్లోనే రకం తేల్చుకోవచ్చు, కొలత రాదంతే. ఒక లీటరు నీళ్లు పావుగంట తెర్లనిచ్చి, చల్లార్చి, మెత్తటి గుడ్డలో వడకట్టండి. పచ్చి నీళ్లు ఒక సీసాలో, ఈ కాచిన నీళ్లు ఇంకో సీసాలో సమంగా పోసి, తురిమిన స్నానపు సబ్బు చిటికెడు చొప్పున వేసి గట్టిగా కుదపండి. కాచిన సీసాలో నురగ నిలిచి, పచ్చి సీసాలో తరకలు తేలితే తాత్కాలికం ఎక్కువ. రెండింట్లోనూ తరకలే అయితే శాశ్వతం ఎక్కువ. గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఈ పరీక్ష చేయకండి. అది సబ్బు కాదు, డిటర్జెంటు. కాఠిన్యతలోనూ నురుగిస్తుంది.

ఒంగోలు మున్సిపల్ కుళాయికి వచ్చే సాగర్ కాలువ నీళ్లు, నెల్లూరుకు వచ్చే పెన్నా నీళ్లు సాధారణంగా బోరు కన్నా ఎంతో మెత్తన. అయితే చాలా ఇళ్లలో ఆ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. కుళాయి రాని రోజుల్లో గీజరులోకి వెళ్లేది పూర్తిగా బోరే.

వేడి: గీజరులో అసలు జరిగేది

పంచదార, ఉప్పు లాంటివి నీరు వేడెక్కే కొద్దీ ఎక్కువ కరుగుతాయి. సున్నం తీరు దీనికి తలకిందులు. కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, బొగ్గుపులుసు వాయువు పైకి పోయి, కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. నీటిలో అన్నిటికన్నా వేడిగా ఉండేది ఎలిమెంటు, అంటే వేడిచేసే రాడ్డు కనుక పొర ముందు దానిమీదే పడుతుంది. నీరు 60 డిగ్రీలు దాటాక ఈ పేరుకోవడం బాగా జోరందుకుంటుంది.

నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకి 20 లీటర్ల వేడినీళ్లు అనుకుంటే 80 లీటర్లు. తాత్కాలిక కాఠిన్యత 340 అయితే ఆ నీటిలో రోజూ 27 గ్రాముల సున్నం గీజరు గుండా వెళుతుంది. అంతా అక్కడే పడిపోదు, చాలాభాగం నీళ్లతోపాటే బకెట్‌లోకి వస్తుంది. పదో వంతు నిలిచినా ఏడాదంతా వాడే ఇంట్లో కిలో దగ్గరికొస్తుంది. ఎలిమెంటు విప్పినప్పుడు గీజరు అడుగునుంచి కప్పుల కొద్దీ పెచ్చులు రాలడం అందుకే.

ఇక్కడ ఒక అపోహ. పొర పట్టిన గీజరు కరెంటు విపరీతంగా తింటుందని మెకానిక్కులు మొదలు ప్రకటనల దాకా అందరూ చెబుతారు. నీళ్లలో మునిగి ఉన్న ఎలక్ట్రిక్ ఎలిమెంటు విషయంలో అది పెద్దగా నిజం కాదు. 2,000 వాట్ల రాడ్డు పొర ఉన్నా లేకపోయినా ఆ 2,000 వాట్లనే తీసుకుంటుంది. దానిలో పుట్టిన వేడికి నీళ్లలోకి తప్ప పోయే దారి లేదు. 15 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 55కి తేవడానికి అర యూనిట్ లోపు, పావుగంట లోపు చాలు, కొత్తదానికైనా పాతదానికైనా. మారేది ఎలిమెంటు ఒంటి వేడి. సున్నప్పొర రాగి కన్నా వందల రెట్లు తక్కువగా వేడిని దాటనిస్తుంది. అదే వేడిని ఆ పొరలోంచి నెట్టడానికి లోపలి తీగ మామూలుకన్నా ఎంతో ఎక్కువ ఎర్రబడాలి. పై గొట్టం పగులుతుంది, లేదా లోపలి తీగ తెగుతుంది. మీరు కట్టేది కరెంటు బిల్లు కాదు, ఎలిమెంటు బిల్లు.

గ్యాసు గీజరుకి మాత్రం ఆ అపోహే అక్షరసత్యం. అక్కడ మంట వేడికి పొగగొట్టం అనే రెండో దారి ఉంది. రాగి గొట్టాల్లో సున్నం పట్టే కొద్దీ నీళ్లలోకి వెళ్లాల్సిన వేడి బయటికి పోతుంది, సిలిండరు త్వరగా అయిపోతుంది.

మరి పొర పట్టిన ఎలక్ట్రిక్ గీజరులో నీళ్లు వేడెక్కడం లేదనే ఫిర్యాదు ఎందుకొస్తుంది? థర్మోస్టాట్ కడ్డీ ఉండే గొట్టం మీద కూడా పొర పడుతుంది. ఎలిమెంటుకి ఆనుకుని పెచ్చులు పేరుకుంటే ఆ చోట మాత్రమే వేడెక్కి, థర్మోస్టాట్ ముందే కట్ చేస్తుంది, లేదా భద్రత కోసం పెట్టిన కటౌట్ పడిపోతుంది. కేటిల్ మరుగుతున్నట్టు గీజరులోంచి గరగర చప్పుడు రావడం ఇంకా ముందు దశ. పొర కింద చిక్కిన నీరు ఆవిరై బుడగలుగా పగలడమే ఆ చప్పుడు. అది వినిపించిన నెలలోపు విప్పించి శుభ్రం చేయిస్తే ఎలిమెంటు దక్కుతుంది.

ఎలిమెంటు గొట్టం పగిలిందంటే నీళ్లలోకి కరెంటు దిగుతుంది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో అది ఇంకా తేలిగ్గా పారుతుంది. గీజరు స్విచ్ వేయగానే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకరు) పడిపోతోందంటే అది చెబుతున్నది ఇదే. దాన్ని బైపాస్ చేసి వాడుకోవచ్చనే ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ గడప తొక్కనివ్వకండి.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ఎంసీబీ ఆపి, లోపలికి నీళ్లు వచ్చే వాల్వు కట్టి, వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి, గీజరుని పూర్తిగా ఖాళీ చేయాలి. కింది మూత తీసి వైర్లు ఊడదీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఎలిమెంటుని ట్యాంకుకి పట్టి ఉంచే పళ్లెం, అంటే ఫ్లాంజి, దాని నట్లు ఎదురెదురుగా ఒక్కోటీ కొంచెం కొంచెం వదులు చేస్తే రబ్బరు గాస్కెట్ చిరగదు. అయినా కొత్త గాస్కెట్ దగ్గర పెట్టుకోవడం తెలివైన పని. పెద్ద పెచ్చులు చేత్తోనో చెక్కముక్కతోనో రాల్చాలి తప్ప స్క్రూడ్రైవరుతో కొట్టకూడదు. మిగిలిన పొరకి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలిపి, టెర్మినళ్లు తడవకుండా ఎలిమెంటుని రెండు గంటలు నానబెట్టాలి. 100 గ్రాముల సున్నం కరగాలంటే సుమారు 130 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. కాబట్టి నురుగు రావడం ఆగి, పొర ఇంకా మిగిలి ఉంటే మందు అయిపోయిందని అర్థం. పారబోసి కొత్తది కలపండి. నీళ్లు సలసల కాగనివ్వకండి. వేడి ఎక్కువైతే కాల్షియం సిట్రేట్ అనే ఇంకో తెల్లపొర కూర్చుంటుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది కానీ అదే 100 గ్రాములకి రెండున్నర, మూడు లీటర్లు పోయాలి.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నంతోపాటు స్టీలునీ, ట్యాంకుని కాపాడే ఆనోడు కడ్డీనీ, కుళాయిల మీది క్రోమ్ పూతనీ తింటుంది. ఏ ఆమ్లాన్నైనా బ్లీచింగ్ పౌడరు దగ్గరికి చేర్చకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్‌రూములో అది ప్రాణాంతకం.

ఎలిమెంటు విప్పినప్పుడే దాని పక్కనుండే మెగ్నీషియం ఆనోడు కడ్డీని చూడండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తను కరిగిపోవడమే దాని పని. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో అది త్వరగా అరుగుతుంది. సగానికి సన్నబడినా, లోపలి తీగ బయటపడినా మార్చాలి. కొత్త గీజరు కొనేవాళ్లకి మా సూచన: తీరం వైపు క్లోరైడ్ ఎక్కువైతే మామూలు స్టెయిన్‌లెస్ ట్యాంకుకన్నా ఆనోడు ఉన్న గ్లాస్‌లైన్డ్ (లోపల గాజు పూత ఉన్న) ట్యాంకు నయం, ఎందుకంటే క్లోరైడ్ స్టెయిన్‌లెస్‌కి సూదిమొన చిల్లులు పెడుతుంది. ఎలిమెంటు రాగిది కాకుండా ఇంకొలాయ్ అనే నికెల్ మిశ్రలోహానిదైతే ఎక్కువకాలం ఓర్చుకుంటుంది. సెట్టింగు 50-55 మధ్య ఉంచండి. 75లో కాచి బకెట్ నిండా చన్నీళ్లు కలుపుకోవడంలో సున్నం పెంచుకోవడం తప్ప లాభం లేదు. 50కన్నా తగ్గించడమూ మంచిది కాదు, గోరువెచ్చని నిలవ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. చల్లనీళ్ల గొట్టం దగ్గరుండే సేఫ్టీ వాల్వు మీట రెండు నెలలకోసారి చేత్తో ఎత్తి నీళ్లు కారుతున్నాయో లేదో చూడాలి. సున్నంతో అది బిగిసిపోయిన రోజున థర్మోస్టాట్ కూడా పాడైతే ట్యాంకు బాంబే.

బకెట్‌లో వేసే రాడ్డుకీ ఇదే మందు. ప్లగ్గు తీసి, చల్లారాక, ప్లాస్టిక్ మగ్గులో నిమ్మ ఉప్పు నీళ్లు పోసి కాయిల్ మేరకు ముంచాలి. కత్తితో గీకితే గొట్టానికి పడే గాటు నుంచే రేపు షాక్ కొడుతుంది. కేటిల్‌కి అర లీటరు నీళ్లలో రెండు టీస్పూన్లు వేసి అరగంట ఉంచితే చాలు.

మేడ మీది సోలారు హీటరుది ఇంకో లెక్క. మే నెలలో ఎవరూ వేడినీళ్లు వాడరు, ఎండ మాత్రం రోజంతా కాస్తుంది. నీళ్లు కదలకుండా 80 డిగ్రీలు దాటి రోజులతరబడి కాగుతాయి. ఏడాదిలో పట్టే పొరలో ఎక్కువ భాగం ఆ రెండు నెలల్లోనే. రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ రకంలో గొట్టాలు పూడుకుపోతే బాగుచేయడం కష్టం. గాజు ట్యూబుల రకంలో సున్నం ట్యూబు అడుగున పేరుకుంటుంది, ట్యూబు లాగి కడుక్కోవచ్చు. ఈ పని తెల్లవారుజామునే చేయాలి. ఎండెక్కాక వేడి ట్యూబులో చన్నీళ్లు పడితే అది పగులుతుంది. వేసవిలో ప్యానెల్ మీద గోనెపట్టా కప్పేయడం చవకైన రక్షణ. కాఠిన్యత 400 దాటిన చోట కొత్తగా పెట్టేవాళ్లు, వాడుకనీరు కలెక్టర్ గొట్టాల్లోకి వెళ్లకుండా మధ్యలో హీట్ ఎక్స్చేంజర్ (నీళ్లు కలవకుండా వేడిని మాత్రమే అందించే భాగం) ఉన్న మోడల్ అడగాలి.

ఆవిరి: కూలరు

ఇక్కడ తాత్కాలికం, శాశ్వతం తేడా లేదు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులోని లవణమంతా వెనకే ఉండిపోతుంది. రోహిణి కార్తెలో పెద్ద కూలరు రోజుకి 40 లీటర్లు తాగిందనుకుంటే, టీడీఎస్ 1,400 నీళ్లతో రోజుకి 56 గ్రాములు, నెలకి కిలోన్నర పైన లవణం ట్యాంకులో, గడ్డి ప్యాడ్లలో దిగుతుంది. ప్యాడ్లు అప్పడాల్లా బిగుసుకోవడం, గాలి తగ్గడం, పంపు ఫ్యాను పట్టేయడం, రేకు బాడీ తుప్పు పట్టడం, అన్నిటికీ మూలం ఇదే.

చాలామంది ట్యాంకు ఖాళీ అవుతుంటే పైన నీళ్లు పోస్తూనే ఉంటారు. సీజనంతా ఒక్కసారీ వంపరు. ట్యాంకులో నీరు బోరు నీటికన్నా మూడు రెట్లకు మించి చిక్కబడకూడదు అనుకుంటే, ఆవిరైన ప్రతి రెండు లీటర్లకీ ఒక లీటరు పారబోయాలి. అంటే 40 లీటర్లు తాగే కూలరు నుంచి రోజుకి 20 లీటర్లు. రోజూ పొద్దున కింది డ్రెయిన్ బిరడా తీసి మిగిలిన నీళ్లన్నీ వంపేసి మళ్లీ నింపితే సుమారుగా ఆ లెక్క సరిపోతుంది. ఆ నీళ్లు టాయిలెట్‌లో పోయడానికి పనికొస్తాయి, మొక్కలకి వద్దు. తేనెపట్టు రకం ప్యాడ్లని నెలకోసారి లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో గంట నానబెట్టి కడగవచ్చు. గడ్డి ప్యాడ్లకి ఆ శ్రమ దండగ, మార్చేయండి.

ఇన్వర్టర్ బ్యాటరీ, ఆవిరి ఇస్త్రీ పెట్టె కూడా ఈ కోవలోవే. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఆర్వో నీళ్లలోనూ క్లోరైడ్ మిగిలి ఉంటుంది, అది బ్యాటరీ పలకలకి చెరుపు.

సబ్బు: వాషింగ్ మెషీన్

సబ్బు కాల్షియంతో కలిస్తే కరగని తరకలవుతుంది. ఒక గ్రాము కాఠిన్యతకి ఆరు గ్రాముల సబ్బు బలవుతుంది. కాఠిన్యత 520 ఉన్న 20 లీటర్ల బకెట్‌లో 10 గ్రాముల పైన కాఠిన్యత ఉంటుంది, కనుక 60 గ్రాముల సబ్బు పోయాకగానీ నిలిచే నురగ మొదలవదు. బకెట్‌కి అర సబ్బు పైనే. తరకలు బట్టల నేతలో ఇరుక్కుని, తెల్లచొక్కా నాలుగు ఉతుకులకే బూడిదరంగు తిరుగుతుంది, తువాలు అట్టలా బిగుస్తుంది.

డిటర్జెంట్ పొడులు ఈ దెబ్బని చాలావరకు కాచుకుంటాయి. కాల్షియాన్ని పట్టుకోవడానికి వాటిలో చాకలిసోడా, జియోలైట్ వంటివి కలుపుతారు. లిక్విడ్లలో సాధారణంగా వీటి పాలు తక్కువ. అందుకని గట్టి బోరు నీళ్లకి ఖరీదైన లిక్విడ్‌కన్నా మంచి పొడే మేలు. ప్యాకెట్ మీద గట్టి నీళ్లకి వేరే కొలత ఉంటే అదే పాటించాలి. తక్కువ వేస్తే పొదుపు కాదు, సున్నం నేరుగా బట్టల మీదే దిగుతుంది. వీలున్నవాళ్లు ముందురోజు రాత్రే డ్రమ్ములో 100 లీటర్ల నీళ్లు పట్టి, 50 గ్రాముల చాకలిసోడా విడిగా కరిగించి పోసి కలిపి, తెల్లారి పైతేట నీటిని మాత్రం వాడుకోవచ్చు. కాల్షియంలో చాలాభాగం అడుగుకి దిగిపోతుంది. మెగ్నీషియం అంత తేలిగ్గా దిగదు, అందుకే పూర్తి మెత్తదనం రాదు.

హీటర్ లేని టాప్‌లోడ్ మెషీన్‌లో కాలిపోయే భాగమేమీ ఉండదు కనుక అది ఈ నీళ్లలో ఎక్కువకాలం బతుకుతుంది. ఫ్రంట్‌లోడ్‌లో డ్రమ్ము అడుగున హీటర్ ఉంటుంది, దానికి గీజరు కథే. రోజువారీ బట్టలకి చన్నీళ్లు లేదా 30 డిగ్రీల ప్రోగ్రాము పెడితే ఆ గొడవ సగం తగ్గుతుంది. మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 40 లేదా 60 డిగ్రీల ప్రోగ్రాము నడిపి, తర్వాత ఒకసారి ఉత్త నీళ్లతో తిప్పాలి. డీస్కేలింగ్ పౌడరు పేరుతో అమ్మే ప్యాకెట్లలో చాలావాటిలో ఉండేది సిట్రిక్ లేదా సల్ఫామిక్ ఆమ్లమే, లేబుల్ చదవండి. నీళ్లు నిండటానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతూ ఎర్రర్ చూపిస్తే మెకానిక్‌ని పిలిచేముందు ఇన్లెట్ పైపు విప్పి, వాల్వు నోట్లో ఉన్న చిన్న జల్లెడని పట్టకారుతో లాగి చూడండి. ఇసుక, సున్నం పేరుకుని ఉంటాయి. తీరప్రాంతంలో ఇంకో జబ్బు ఉంది: డ్రమ్ము వెనక పట్టి ఉంచే మూడు కొమ్మల అల్యూమినియం ఫ్రేము క్లోరైడ్‌కి తినేయబడి విరుగుతుంది, స్పిన్‌లో దడదడమంటుంది. దానికి నిమ్మ ఉప్పు మందు కాదు. ఉతుకు అయ్యాక తలుపు తెరిచి ఆరనివ్వడమే చేయగలిగింది.

కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడానికీ ఈ కాల్షియమే కారణం. పప్పు గింజలో కణాలని అతికించే పెక్టిన్‌ని అది గట్టిపరుస్తుంది. పప్పుకి సాగర్ నీళ్లో ఆర్వో నీళ్లో పోస్తే గ్యాసు కలిసొస్తుంది.

ఆర్వో, సాఫ్టెనర్

ఆర్వో యంత్రం కూడా కాఠిన్యతకి బాధితురాలే. ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీళ్లకి సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. నాలుగు లీటర్ల లవణం ఆ మూడింట్లోకి చేరుతుంది కనుక మెంబ్రేన్ (లవణాన్ని ఆపే పలుచటి పొర) చివర కాఠిన్యత 520 నుంచి 690 అవుతుంది. నీళ్లు వృథా అవుతున్నాయని వేస్ట్ పైపు బిగించి సగం సగం చేస్తే అది 1,040కి పోతుంది, మెంబ్రేన్ మీద సున్నం గట్టిపడి ధార సన్నబడుతుంది. వృథా చూసి మనసు చివుక్కుమనడం సహజమే. ఆ పైపుని బకెట్‌లో పెట్టి నీళ్లు వాడుకోండి, బిగించకండి. ఇల్లు తుడిచిన చోట తెల్లమచ్చలు పడితే ఇంకో గుడ్డతో తుడవాలి, అంతే. ధార తగ్గుతుంటే ముందు సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు మార్చి చూసి, అప్పటికీ పెరగకపోతేనే మెంబ్రేన్ మార్చాలి. ఆర్వో తాగునీటి కోసమే, ఫ్లోరైడ్‌ని కూడా అదే తీస్తుంది. గీజరుకి, మెషీన్‌కి ఆర్వో పెట్టడం అర్థం లేని ఖర్చు.

వాటికి కావలసింది సాఫ్టెనర్. రెజిన్ అనే చిన్న గోలీలు కాల్షియం, మెగ్నీషియంలని పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. లవణం పోదు, మారుతుందంతే. అందుకని సాఫ్టెనర్ ముందూ తర్వాతా టీడీఎస్ మీటరు దాదాపు ఒకే అంకె చూపిస్తుంది, ఒక్కోసారి కొంచెం ఎక్కువే. పనిచేయడం లేదని గొడవపెట్టేముందు కాఠిన్యత స్ట్రిప్‌తోనో చుక్కల కిట్‌తోనో చూడాలి. ఫ్లోరైడ్‌ని ఇది ముట్టుకోదు. క్లోరైడ్‌ని కూడా ముట్టుకోదు, కనుక తీరంలో తుప్పు సమస్య ఉన్న ఇంటికి సాఫ్టెనర్ సాయం అంతంతే.

సైజు లెక్క ఇలా. మంచి రెజిన్ లీటరుకి సుమారు 50 గ్రాముల కాఠిన్యతని పడుతుంది. 25 లీటర్ల రెజిన్ 1,250 గ్రాములు. 520 నీటిలో అది 2,400 లీటర్లకి సరిపోతుంది. ఇల్లంతటికీ రోజుకి 540 లీటర్లు పోతే నాలుగైదు రోజులకోసారి ఉప్పునీళ్లతో రీజనరేట్ చేయాలి, అంటే రెజిన్‌ని మళ్లీ పనికి సిద్ధం చేయాలి, ప్రతిసారీ నాలుగు కిలోల లోపు ఉప్పు. అదే గీజరు, మెషీన్ లైన్లకే, రోజుకి 200 లీటర్లు అనుకుంటే పన్నెండు రోజులు వస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఈ రెంటికీ ట్యాంకు నుంచి వేరే లైను వేయించుకుంటే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. టాయిలెట్ ఫ్లష్‌కి, వాకిలి కడగడానికి మెత్తటి నీళ్లు ఎందుకు?

రీజనరేషన్‌లో వరస ముఖ్యం. ముందు పది నిమిషాలు కింది నుంచి పైకి నీళ్లు పంపి మురికి వదిలించాలి. తర్వాత పదిశాతం ఉప్పునీళ్లు, అంటే నాలుగు కిలోలకి 40 లీటర్లు, అరగంటపాటు నెమ్మదిగా పంపాలి. తొందరపడి పది నిమిషాల్లో పంపితే ఉప్పంతా డ్రెయిన్ పాలు. చివర ఉప్పదనం పోయేదాకా కడగాలి. కల్లుప్పు చాలు, అయోడిన్ ఉప్పు అక్కర్లేదు. అయితే ఇక్కడి ఉప్పు కొటారుల నుంచి వచ్చే ముడి ఉప్పులో మట్టి ఉంటుంది. బకెట్‌లో కరిగించి, తేరిన పై ఉప్పునీళ్లే వాడాలి. బోరు నీటిలో ఇనుము ఉండి కాసేపటికి ఎర్రబడుతుంటే ముందు ఇనుము ఫిల్టరు పెట్టాలి, లేకపోతే రెజిన్ పాడవుతుంది. టీడీఎస్ 2,000 దాటితే నీటిలో ఉన్న సోడియమే రెజిన్ పనికి అడ్డుపడుతుంది, కొంత కాఠిన్యత జారిపోతూనే ఉంటుంది.

పైపుకి తగిలించే అయస్కాంతాల మాటెత్తితే, అవి కాఠిన్యతని తగ్గించవు. పొర తగ్గుతుందన్న దానికీ నిలకడైన రుజువు లేదు. గీజరు ముందు పెట్టే తెల్ల గోలీల చిన్న ఫిల్టరులో ఉండేది పాలీఫాస్ఫేట్. అది సున్నం గడ్డకట్టకుండా కొంతమేర ఆపుతుంది కానీ 60 డిగ్రీలు దాటిన నిలవ నీళ్లలో తనే విడిపోతుంది. గీజరు 50-55లో ఉంచి, గోలీలు కరిగిపోకముందే నింపుకునే ఇంట్లో అది ఖర్చుకి తగ్గ పని చేస్తుంది. కాఠిన్యత 500 పైన దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

సాఫ్టెనర్ పెట్టినా వంటింటి కుళాయిని దాని దారిలోంచి తప్పించండి. 520 కాఠిన్యత మొత్తం మారితే లీటరుకి 240 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుతుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకూడదు. పెరటి మొక్కలకి కూడా బోరు నీళ్లే పోయాలి. రీజనరేషన్‌లో బయటికొచ్చే ఉప్పునీళ్లని కొబ్బరిచెట్టు పాదులోకీ, ఇంకుడు గుంతలోకీ వదలకుండా డ్రైనేజీలోకి పంపాలి. ఇంకుడు గుంతలో పోసింది తిరిగి మీ బోరులోకే, లేదా పక్కింటి బోరులోకే దిగుతుంది.